అన్నారా, అనేవారా?

మా ఆయన పోయాక నేను స్పానిష్ నేర్చుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకి తలా ఒక కారణం చెప్పాను. మా తోడికోడలితో కాలక్షేపం అన్నాను. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలోని వాళ్ళతో, ఆ భాషలో మంచి పుస్తకాలున్నాయట అన్నాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. స్పానిష్‌లో నన్ను ఓదార్చినవాళ్ళు ఎవరూ లేరు. తెలుగులో అప్పటికే చాలామంది ఓదార్చేశారు.

ఆయన ఫిల్మ్ ఎడిటర్. ఎనభైల చివర సినిమావాళ్ళంతా మద్రాసు వదిలి హైదరాబాదుకి వస్తుంటే మేమూ సామాన్లు కట్టుకుని వచ్చి శ్రీనగర్ కాలనీలో దిగాం. ఆయన ఎడిటింగ్ గది ఫిల్మ్‌నగర్‌లో. అప్పట్లో అక్కడ ఇళ్ళకంటే బండలు ఎక్కువ. పగలంతా ఎక్కడో ఒకచోట రాయి పేలుస్తూ ఉండేవారు. ఆ చప్పుడుకి బయటివాళ్ళు ఉలిక్కిపడేవారు గానీ ఆయన తలెత్తేవారు కాదు. మాట్లాడేది తక్కువ. మాట్లాడాక మాత్రం, ఈయన మాట్లాడకపోతేనే బాగుండేదని ఎదుటివాళ్ళకి అనిపించేది. ఎవరి సినిమా బాగాలేకపోతే బాగాలేదని వాళ్ళ మొహం మీదే చెప్పారు. ఆస్తంటూ ఏమీ మిగల్చలేదు. ఈ పేరొక్కటి మిగిల్చారు.

అలాంటి మనిషి పోయాక మా ముందుగదిలోకి వచ్చి కూర్చున్నవాళ్ళు ఆయన్ని వేరే మనిషిని చేసి వెళ్ళారు. అందరి మాటా ఒకేలా మొదలయ్యేది. “సారు నాతో ఎప్పుడూ అనేవారమ్మా...” ఒక డాన్స్ మాస్టర్, “ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చేవాణ్ణో!” అని గోడలు చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. అతను మా ఇంటికి ఒక్కసారే వచ్చాడు. పై వాటాలో ఉన్నవాళ్ళకోసం వచ్చి మా తలుపు కొట్టాడు. ఒక హీరో, “నా ప్రతి షాటుకీ అన్నయ్య చప్పట్లు కొట్టేవారు” అన్నాడు. ఆ హీరో షాట్లు ముందేసుకున్నప్పుడు మా ఆయన రెండు చేతులూ కత్తిరించే పనిలోనే ఉండేవి. చప్పట్లకి ఖాళీ ఎక్కడిది?

కొన్నాళ్ళకి నాకు కిటుకు అర్థమైంది. ‘అన్నారు’ అంటే ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు, ఎవరు విన్నారు అని ఎవరైనా అడగొచ్చు. ‘అనేవారు’ అంటే ఎవరూ ఏమీ అడగరు. ఒకసారి జరిగినదానికి సాక్ష్యం కావాలి. ఎప్పుడూ జరిగేదానికి అక్కర్లేదు. అసలు జరగనిదానికి కూడా అక్కర్లేదు.

అందరికంటే బాగా ఏడ్చింది ఒక నిర్మాతగారు. మా ఆయన చేత చాలా సినిమాలు కోయించుకున్నారు. అన్నాళ్ళూ నన్ను “ఎడిటర్‌గారి ఆవిడ” అన్నవారు, ఆయన పోయిన రోజునుంచి “చెల్లెమ్మా” అనడం మొదలుపెట్టారు. సంతాపసభలో మైకు రెండు చేతుల్తో పట్టుకున్నారు. “నా సినిమా అంటే ఆయనకి ప్రాణం. ‘మీ సినిమాకి కత్తెర అక్కర్లేదండీ’ అనేవారు. ఒకసారా రెండుసార్లా! నేనే, అంత మాటనకండి, దిష్టి తగుల్తుంది అనేవాణ్ణి” అని ఆగి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. సభ నిట్టూర్చింది.

నేను ముందు వరసలో ఉన్నాను. మా ఆయన ఆ మాట అన్నారు. అబద్ధం కాదు. ఒక్కసారి అన్నారు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. మొత్తం మాట ఇది: “మీ సినిమాకి కత్తెర అక్కర్లేదండీ. గొడ్డలి కావాలి.”

దానికి నిర్మాతగారు తరవాతి సినిమా ఇంకొకరికిచ్చారు. ఇప్పుడేమో ఆ మాటని సరిగ్గా నడుం దగ్గర కోసి, పనికొచ్చే సగం ఉంచుకున్నారు. ఇంత చక్కగా కోయడం వచ్చిన మనిషికి ఎడిటర్ దేనికో నాకిప్పటికీ తెలీదు. ముక్కుసూటి మాటతో అవకాశాలు పోగొట్టుకున్న మా ఆయన ఆ సభనుంచి భజనపరుడిగా బయటికొచ్చారు. నేను లేచి ఏమీ అనలేదు. భర్త పోయిన పదిహేను రోజులకి ఆడది మైకు దగ్గరికి వెళ్ళి క్రియాపదాలు దిద్దితే మతి తప్పిందంటారు.

స్పానిష్ చెప్పిన ఆవిడ జూబిలీహిల్స్‌లో, కొండరాయిని సగం తొలిచి కట్టిన ఇంట్లో ఉండేవారు. పుట్టింది గుంటూరు దగ్గర. భర్త ఉద్యోగం వల్ల చాలా ఏళ్ళు చిలీలో ఉండి వచ్చారు. తిరిగొచ్చాక ఆ భాష మాట్లాడేందుకు మనిషి దొరక్క, మనుషుల్ని తయారుచేసుకుందామని పాఠాలు మొదలుపెట్టారు. నేను కాక క్రమం తప్పకుండా వచ్చినవాడు ఒక్కడే. మధురానగర్‌లో ఉండే ప్రొడక్షన్ మేనేజర్. పనిచేసేది ఆ నిర్మాతగారి దగ్గరే. అప్పట్లో పాటలకి విమానం ఎక్కడం కొత్త మోజు. నిర్మాతగారికి స్పెయిన్‌లో రెండు పాటలు తీయాలనిపించింది. ఒకటి కోట ముందు, ఇంకోటి ఎద్దు ముందు. “హోటలోడితో బేరం చెయ్యనీకి ఎంత కావాల్నో అంత నేర్చుకొని రమ్మన్నరు” అని చెప్పాడు ఇతను.

మొదట్లోనే ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది.

“‘మి పాద్రే ఎరా ఆల్తో’ అంటే, మా నాన్న పొడుగ్గా ఉండేవాడు అని. ‘ఎరా’ అంటే ఉండేవాడు” అన్నారు టీచర్‌గారు.

“నాయినని పట్టుకొని ఏరా అంటరా మేడమ్? గిదేం భాష?”

“ఏరా కాదు నాయనా, ఎరా. మొదటిది పొట్టి అక్షరం.”

“పొట్టిదైనా పొడుగుదైనా, మా నాయిన చెవుల పడితే చెప్పు తీస్తడు.”

తరవాత నా వంతు. “మి మరీదో ఎరా మొంతదోర్” అన్నాను. మా ఆయన ఎడిటర్‌గా ఉండేవారు అని. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన్ని ‘ఏమండీ’ అనే పిలిచాను. పోయాక మొదటిసారి ఏరా అన్నట్టయింది. మేనేజర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా నెలల తరవాత వచ్చిన నవ్వు. అది ఏడుపులోకి తిరగకుండా నవ్వుగానే ముగిసింది.

కొన్ని వారాలకి అసలు చిక్కుకి వచ్చాం. స్పానిష్‌లో జరిగిపోయినదాన్ని రెండు రకాలుగా చెప్పాలి. టీచర్‌గారు బోర్డు మీద నిలువుగా గీత గీశారు. ఒక పక్క ‘దిహో’, అన్నాడు. ఇంకో పక్క ‘దెసీయా’, అనేవాడు. “ఇంగ్లీషు వచ్చినవాళ్ళు దీని దగ్గర తలలు బద్దలు కొట్టుకుంటారు. మనం అదృష్టవంతులం. వచ్చాడు, వచ్చేవాడు. తిన్నాడు, తినేవాడు. ఇవన్నీ మనకి పుట్టుకతోనే వచ్చు. తెలుగువాళ్ళు ఇక్కడ తప్పు చెయ్యడానికి వీల్లేదు” అన్నారు. తెలుగువాళ్ళ గురించి ఆవిడకి అంత నమ్మకం ఉండేది. చాలాకాలం దేశంలో లేరు కదా.

ఇంటి దగ్గర రాసి తెమ్మన్న వాక్యాలు మేనేజర్ తెచ్చాడు. వాళ్ళ నాన్న గురించీ, నిర్మాతగారి గురించీ రాసినవన్నీ ‘దెసీయా’ పక్కనున్నాయి. తమ్ముడి గురించి రాసినవన్నీ ‘దిహో’ పక్కనున్నాయి. టీచర్‌గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

“మీ తమ్ముడు రోజూ ఆలస్యంగా లేచేవాడని కదా నువ్వు చెప్పింది? దీన్ని ఇటువైపు ఎందుకు పెట్టావు?”

“వాడు చిన్నోడు కద మేడమ్.”

“అయితే?”

“పెద్దోళ్లకి అనేటోళ్లు. చిన్నోళ్లకి అన్నడు. మర్యాద కద.”

“ఇందులో మర్యాదేముందయ్యా! ఒకసారి జరిగిందా, జరుగుతూ ఉండేదా, అంతే.”

“ఎట్ల లేదు మేడమ్? ‘మా నాయిన అన్నడు’ అంటే ఏదో నోరు జారి అన్నట్టుంటది. ‘అనేటోడు’ అంటే పెద్దమనిషి. అండ్ల చచ్చిపోయినోళ్లకైతే అన్నడు అననే అనం. పాపం తగుల్తది.”

టీచర్‌గారు నవ్వి నవ్వి మంచినీళ్ళు తాగారు. “స్పానిష్‌లో పోయినవాళ్ళకి వేరే క్రియ లేదు నాయనా. వాళ్ళు కూడా ఒకసారి అన్నది ఒకసారే అన్నట్టు.”

నేను నవ్వలేదు. మా ముందుగదిలో కూర్చుని వెళ్ళినవాళ్ళందరి వ్యాకరణం ఈ మనిషి ఒక్క ముక్కలో చెప్పేశాడు. వాళ్ళందరూ అబద్ధాలకోరులని నేను అనుకున్నాను. అందరూ కాదు. కొందరు మర్యాదస్తులు. పోయినవాడి మీద గౌరవం కొద్దీ ఒక్కసారిని ఎప్పుడూ చేశారు. దానివల్ల నాకు ఊరటేమీ కలగలేదు. అబద్ధమైతే కాదని చెప్పొచ్చు. మర్యాదని కాదనడం ఎలా?

నేను రాసిన వాక్యాల్లోనూ ఎర్ర సిరా పడింది. ‘ఎస్తాబా ఎన్ఫెర్మో ఉన్ ఆన్యో’ అని రాశాను, ఏడాదిపాటు జబ్బుగా ఉండేవారు అని. “ఏడాది అని కాలం చెప్పేశారుగా. అంటే అయిపోయిందన్నమాట. ‘ఎస్తూవో’ రాయాలి” అన్నారు టీచర్‌గారు.

“అలా రాస్తే జబ్బు తగ్గినట్టు అనిపించదూ?”

ఆవిడ ‘ఎస్తూవో’ కింద గీత గీశారు. “అనిపించొచ్చు. కానీ తగ్గినా, మనిషి పోయినా ఆ క్రియకి ఒకటేనండీ. జబ్బు అయిపోయింది అంటుంది, అంతే.”

ఆ భాష మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది. ఏ సభలోనూ ఎవరూ నాతో అంత సూటిగా మాట్లాడలేదు.

ఆయన పోయి రెండేళ్ళు కావస్తుండగా, ఒకరోజు పాఠం అయ్యాక మేనేజర్ నన్ను మెట్ల దగ్గర ఆపాడు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు.

“మేడమ్, జర ఇది చూస్తరా? అచ్చుతప్పులు లేకుండ మీతోని చూపించుకొని రమ్మన్నరు.”

నిర్మాతగారు వర్ధంతికి సభ పెడుతున్నారట. ప్రతి ఏడూ ఒక ఎడిటర్‌కి షీల్డు ఇస్తారట. ఈసారి నా చేతుల మీదుగా ఇప్పిస్తారట. షీల్డు మీద చెక్కించే మాట ఆ కాగితం మీద ఉంది. ‘మీ సినిమాకి కత్తెర అక్కర్లేదు’ అనేవారు ఆ మహానుభావులు. దాని కింద, ఆ మాట ఎవరితో అనేవారో ఆయన పేరు. మా ఆయన పేరుకంటే పెద్ద అక్షరాల్లో.

మాటైతే గాలికి పోతుందని రెండేళ్ళు ఊరుకున్నాను. ఇత్తడి మీద చెక్కింది గాలికి పోదు. ఏటా ఒక కొత్త ఎడిటర్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఇలా ఉండాలన్నమాట అనుకుంటాడు.

“తప్పుంది” అన్నాను.

“యాడ?”

“‘అనేవారు’ కాదు. ‘అన్నారు’.”

అతను నొచ్చుకున్నాడు. “గట్లంటే ఎడిటర్ సారు ఇజ్జత్ తక్కువైతది మేడమ్.”

“ఒక్కసారే అన్నారు. ఇంకో తప్పు కూడా ఉంది. ఇది సగమే.”

“తతిమ్మ సగం ఏంది?”

చెప్పాను. అతను మెట్ల మీద కూలబడి నవ్వాడు. కొండరాయికి తగిలి ఆ నవ్వు మళ్ళీ మా మీదికొచ్చింది. “గిది! గిది మా సారు! నన్ను గూడ ఒక్కపారి, రీలు డబ్బాలకన్న నువ్వే ఎక్కువ చప్పుడు చేస్తున్నవ్ పో అన్నడు!”

అన్నడు. పెద్దమనిషిని, అందులోనూ పోయిన మనిషిని, పట్టుకుని ‘దిహో’ అన్నాడు. తిట్టు దగ్గరికి వచ్చేసరికి మర్యాద మరిచిపోయి సరైన క్రియ వాడాడు. నిజంగా జరిగినది కాబట్టి నోరు దానంతటదే అటు వెళ్ళింది.

“మరి మారుస్తావా?” అన్నాను.

“నేనా? గొడ్డలి అని చెక్కిస్తే గా గొడ్డలి నా మెడ మీదనే పడ్తది. మీరే చెప్పుండ్రి. మిమ్మల్నెవరేమంటరు? భార్య కద మీరు.”

సభ ఫిల్మ్‌నగర్‌లోని ఒక హాల్లో జరిగింది. ఫొటోకి దండ, దీపం, వేదిక మీద ఎర్ర గుడ్డ కప్పిన షీల్డు. మాట్లాడినవాళ్ళు మాట్లాడారు. మా ఆయన అన్నం తినకుండా పనిచేసేవారు, అందరినీ పేరుపేరునా పలకరించేవారు, చిరునవ్వు చెదరనిచ్చేవారు కాదు. ఆ చిరునవ్వు నేను చూసి ఉంటే బాగుండేది. నిర్మాతగారు గుడ్డ తీసి, షీల్డు మీది మాట చదివి వినిపించి, గొంతు బొంగురు చేసుకుని, “చెల్లెమ్మ కూడా రెండు మాటలు...” అన్నారు.

నేను లేచాను. కాగితం తెచ్చుకోలేదు.

“నిర్మాతగారు ఒక మాట చదివారు. మా వారు ఆ మాట అనేవారు కాదండీ. అన్నారు. ఒక్కసారే. నేను అక్కడే ఉన్నాను. ఆయన అన్నది పూర్తిగా ఇది. ‘మీ సినిమాకి కత్తెర అక్కర్లేదండీ. గొడ్డలి కావాలి.’”

వెనక గోడ దగ్గరనుంచి ఒక పొలికేక లాంటి నవ్వు వచ్చింది. ఎవరిదో నాకు తెలుసు. నవ్వి వెంటనే దగ్గులోకి మార్చాడు, నౌకరీ గుర్తొచ్చి. అప్పటికే ఎడిటర్లు కూర్చున్న వరస అంతా నవ్వుతోంది. నిర్మాతగారి మొహంలో రంగు పోయింది. మా ఆయన మళ్ళీ మా ఆయన అయ్యారని నాకు ఆ కాసేపు అనిపించింది.

కానీ నిర్మాతలు ఊరికే అవరు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని నవ్వారు. వచ్చి మైకు అందుకున్నారు. “చూశారా! అదీ మా చనువు! నన్ను అంత మాట అనగలిగిన మగాడు ఈ ఇండస్ట్రీలో ఇంకెవడున్నాడండీ? ఎప్పుడూ ఇంతే! నేను గదిలో అడుగు పెట్టడం ఆలస్యం, ‘గొడ్డలి తెచ్చారా?’ అనేవారు!”

చప్పట్లు ఆగలేదు. నేను షీల్డు ఇచ్చి దిగి వచ్చేశాను.

తరవాతి పాఠానికి మేనేజర్ వార్త మోసుకొచ్చాడు. “షీల్డు మళ్ల చేయిస్తున్నరు మేడమ్. మొత్తం మాట ఉంటది. ఇటొక గొడ్డలి, అటొక గొడ్డలి బొమ్మ గూడ పెట్టిస్తున్నరు. ఆఫీసుకి ఎవరొచ్చినా గదే ముచ్చట.”

“అన్నారు అంటున్నారా, అనేవారు అంటున్నారా?”

“అనేటోళ్లు” అన్నాడు, నేలచూపులు చూస్తూ.

మునుపు వాక్యమంతా అబద్ధం. ఇప్పుడు క్రియ తోక ఒక్కటే అబద్ధం. సినిమావాళ్ళ దగ్గర ఇంతకంటే ఎక్కువ రాబట్టినవాళ్ళని నేను చూడలేదు. అయినా నాకు చాల్లేదు. ఇత్తడి మీద కాకపోతే ఇంకెక్కడైనా, ఒక్కచోట, ఆ మాట జరిగింది జరిగినట్టు ఉండాలనిపించింది.

“అయితే స్పానిష్‌లో రాయండి” అన్నారు టీచర్‌గారు, సంగతంతా విని.

రాశాను. ‘మి మరీదో లో దిహో ఊనా వేస్.’ మా ఆయన దాన్ని ఒకసారి అన్నారు.

“తప్పేమీ లేదు. కానీ దిహో ఒక్కటే గాల్లో నిలబడి ఉంది. ఆయన ఆ మాట అన్నప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది? అదీ రాయండి. దానికి అటు పక్క క్రియలు కావాలి.”

“అటు పక్క క్రియలంటే నాకు అసహ్యమండీ” అన్నాను.

“ఆ క్రియలేం చేశాయి పాపం? ఎప్పుడూ జరిగేదానికే కాదు. ఆ ఒక్క క్షణాన జరుగుతూ ఉన్నదానికి కూడా అవే.”

తెలుగులో ఈ రెండూ వేరు కాబట్టి నాకు అంతవరకూ తట్టలేదు. మనకి అనేవారు వేరు, అంటున్నారు వేరు. స్పానిష్‌లో రెండిటికీ ఒకటే క్రియ. సినిమావాళ్ళు దాని ఒక్క ముఖమే వాడుకున్నారు.

కూర్చుని రాశాను. ఏసీ మోగుతోంది. ఆయన రీలు చుడుతున్నారు. నిర్మాతగారు గోడకి ఆనుకుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. నేను బ్యాగు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆటో కింద ఎదురుచూస్తోంది. మేం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ‘ఈబామోస్ ఆల్ మేదికో.’

టీచర్‌గారి పెన్ను వాక్యాల వెంట నడుస్తూ వచ్చి అక్కడ ఆగింది.

“‘ఈబామోస్’ అంటే వెళ్తున్నాం. కానీ వెళ్ళారా లేదా అన్నది ఈ క్రియ చెప్పదండీ. చదివేవాళ్ళకి తెలియాలంటే ఇంకో వాక్యం కావాలి.” తలెత్తి నా వైపు చూశారు. “వెళ్ళారా?”

నిర్మాతగారు తలుపు విసిరికొట్టి పోయాక మా ఆయన చుట్టిన రీలుని మళ్ళీ విప్పారు. “అన్న తరవాత చెయ్యాలిగా. ఒక్క గంట కూర్చో” అన్నారు. ఆటోవాడిని పంపించేశాను. ఆ సినిమాని ఆయన నిజంగానే నరికారు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. పని అయ్యేసరికి ఆయన్ని చూడాల్సిన డాక్టరు ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇదంతా చెప్పడానికి నా స్పానిష్ సరిపోదు. ‘నో ఫ్విమోస్’ అని రాశాను. వెళ్ళలేదు.

ఆవిడ చదివి, పక్కన చిన్న టిక్కు పెట్టారు.